ఊటమడుగు సూది క్లాసు

ఊటమడుగు ఆనకట్ట కింద బురద నీళ్ళు చూసి వచ్చిన మర్నాడు పొద్దున్నే అసిస్టెంట్ ఇంజనీరు కస్తూరికి మెడ మొదలు నడుము దాకా ఉన్ని మొలిచింది. ఆ జిల్లాలో భయపడిన మనిషికి ఉన్ని మొలవడం మామూలే కాబట్టి ఆమె ఆశ్చర్యపోలేదు. జాకెట్టు హుక్కులు పట్టకపోయేసరికి భర్తను పిలిచి వీపు చూపించింది.

నాగన్న దిగువపల్లె హైస్కూల్లో లెక్కల మాస్టారు. చేతిలో కాఫీ గ్లాసుతోనే వచ్చి, రెండో చేత్తో ఉన్నిని పాయతీసి చూశాడు.

“తెల్లది,” అన్నాడు. “మెత్తగా కూడా ఉండాది. ఎవరి గురించి?”

ఆ ప్రశ్న అడగడానికి కారణం ఉంది. పై అధికారికి భయపడితే మొలిచేది బూడిదరంగు ఉన్ని, అది మెడ దాటి కిందికి దిగదు. చావుకు భయపడితే నల్లది, గరుకుది, అరికాళ్ళ దగ్గర మొదలవుతుంది. పరీక్షల కాలంలో పిల్లల చెవుల మీద నూగు వస్తుంది, దాన్ని ఎవరూ లెక్కచేయరు. ఎన్నికల ముందు మంగలి షాపుల దగ్గర జనం బారులు తీరతారు. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు పిల్ల మెడ వెనక చూడడం మర్యాద కాదని అందరూ అంటారు గాని చూస్తారు. తెల్ల ఉన్ని మాత్రం ఇతరుల కోసం పడే భయానిది. అన్నిటికంటే పొడుగ్గా పెరిగేదీ, కత్తిరిస్తే మళ్ళీ వచ్చేదీ అదే.

“ఊరి గురించి,” అంది కస్తూరి.

ఊటమడుగుది మట్టికట్ట. మట్టికట్ట అన్నాక కొంచెం నీళ్ళు ఊరుతూనే ఉంటాయి. కట్ట అడుగున రాళ్ళు పేర్చిన కాలవలోకి ఆ ఊట చేరి, అక్కడినుంచి వాగులో కలుస్తుంది. ఊట తేటగా ఉన్నంతకాలం ఎవరూ నిద్ర చెడగొట్టుకోనక్కర్లేదు. బురదగా వచ్చిందంటే నీళ్ళతోపాటు కట్ట లోపలి మట్టి కొట్టుకొస్తోందని అర్థం. లోపల ఎక్కడో దారి పడిందన్నమాట, అది వెడల్పవుతోందన్నమాట. ముందురోజు కస్తూరి ఆ కాలవ దగ్గర వంగి దోసిట్లోకి నీళ్ళు తీసుకుంటే టీ రంగులో ఉన్నాయి. నీళ్ళు జారిపోయాక అరచేతిలో సన్నటి మట్టి మిగిలింది. కట్టకు అవతల నిండు జలాశయం. ఇవతల దిగువపల్లె ఇళ్ళు, స్టాఫ్ క్వార్టర్లు, ఆమె కూతురు సింధు చదువుకునే హైస్కూలు.

“సెలవు పెట్టు,” అన్నాడు నాగన్న. “సూది క్లాసుకు పంపిస్తారు. కొన్నాళ్ళకు నున్నగా అయిపోతావు. నాకు కాలేదా?”

అప్పట్లో ట్రాన్స్‌ఫర్ల భయానికి నాగన్నకు మోచేతుల దాకా ఉన్ని వచ్చింది. సూది క్లాసుకు వెళ్ళి, ఆ ఉన్నితో చిన్న బస్సు బొమ్మ చేసి అక్కడే ఇచ్చి వచ్చాడు. అప్పటినుంచి అతని ఒళ్ళు గాజుసీసాలా ఉంది. మంచి మనిషి. ఇంట్లో గొంతు పెంచడు. కూతురికి జ్వరం వస్తే కాఫీ తాగడం పూర్తి చేసి, ఆ తర్వాత థర్మామీటరు వెతుకుతాడు.

కస్తూరి శాలువా కప్పుకుని ఆఫీసుకు వెళ్ళింది. ఉన్ని కనపడితే చూసినవాళ్ళకు కూడా అంటుకుంటుంది, అందువల్ల ఉన్ని మొలిచిన ఉద్యోగి శాలువా లేకుండా జనం మధ్య తిరగడం నేరం.

ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు సుదర్శనం ఆమె చెప్పిందంతా విన్నాడు. ఆయన ఎవరి మాటకూ అడ్డు రాడు. రిటైర్మెంటుకు దగ్గరపడిన వయసులో కూడా ఆయన ముఖం మీద ఒక్క ముడత లేదు.

“ఊట బురదగా వస్తాండాది సార్,” అంది కస్తూరి. “నీళ్ళు దించాల. దిగువపల్లెను ఖాళీ చేయించాల. ఆలస్యం చేస్తే కట్ట నిలవదు.”

“కూర్చోమ్మా. నువ్వు చూసింది నీళ్ళు. నీ వీపు మీద ఉండేది ఉన్ని. ఉన్ని ఉన్న మనిషి రాసింది రిపోర్టు కాదు, లక్షణం. లక్షణాలు మనం చూడం, ఉపశమన విభాగం వాళ్ళు చూస్తారు. రూలు నేను పెట్టింది కాదు.”

“ఉన్ని పోయినాక రాస్తే తీసుకుంటారా సార్?”

“ఎందుకు తీసుకోను? ఆ రోజే పైకి పంపిస్తా.”

“ఉన్ని పోతే భయం కూడా పోతాది కదా సార్. భయం పోయినాక ఎవురన్నా రాసినారా?”

సుదర్శనం నిజాయితీగానే ఆలోచించాడు.

“నా సర్వీసులో ఎవరూ రాయలేదు,” అన్నాడు. “దాన్ని బట్టి ప్రమాదం ఎప్పుడూ లేదనే కదమ్మా.”

ఉన్ని లేనివాళ్ళు ఎవరైనా వచ్చి చూడమని ఆమె బతిమాలింది. ఆ కోరిక సబబుగానే తోచి ఆయన జీపు తెప్పించాడు. కాలవ దగ్గర ప్యాంటు మడిచి నీళ్ళలో దిగి, వంగి చూసి, “బురదే,” అని ఒప్పుకున్నాడు. ఆ నీళ్ళతోనే కాళ్ళు కడుక్కున్నాడు. తర్వాత చొక్కా చేతులు పైకి మడిచి తన ముంజేతులు, జీపు అద్దంలో మెడ చూసుకున్నాడు. ఎక్కడా ఒక్క పోగు మొలవలేదు. చూసిన మనిషికి ఉన్ని మొలవలేదు కాబట్టి అక్కడ భయపడవలసింది ఏమీ లేదని ఆ తనిఖీలో తేలింది. కస్తూరిని సూది క్లాసుకు పంపారు.

క్లాసు మండలాఫీసు వెనకాల పాత బియ్యం గోడౌన్లో జరిగేది. కిటికీలకు లేత పచ్చ కర్టెన్లు వేలాడదీశారు. నేర్పే ఆమె పేరు వకుళ. నెమ్మదస్తురాలు, మాట గోరువెచ్చగా ఉంటుంది. వచ్చినవాళ్ళ ఉన్నిని ఆమే కత్తెరతో కత్తిరించి, ఇనప పళ్ళ బ్రష్షుతో దువ్వి, మబ్బుతునకలా చేసి ఎవరిది వాళ్ళ బుట్టలో పెడుతుంది. ఒక మందపాటి స్పాంజి పలక, ఒక సూది ఇస్తుంది. ఆ సూదికి దారం ఎక్కించే కన్ను ఉండదు. మొన దగ్గర కంటికి ఆనని గాట్లు ఉంటాయి.

“కుట్టేది లేదు, అల్లేది లేదు,” అని చెప్పింది వకుళ. “ఉన్నిని స్పాంజి మీద పెట్టి పొడుస్తూ పోవడమే. సూది నిటారుగా దించాలి, నిటారుగా తీయాలి. పక్కకు వంచితే విరుగుతుంది. లోపలికి పోయిన పోగు మళ్ళీ బయటికి రాదు. పొడిచేకొద్దీ ఉన్ని తనలోకి తాను ముడుచుకుంటుంది. దాన్ని గట్టిపడనివ్వండి. మీరేమీ ఆలోచించొద్దు.”

గోడౌన్లో ముప్పాతిక భాగం నిండా మనుషులు తలలు వంచుకుని పొడుస్తున్నారు. సూదులు స్పాంజిలోకి దిగేటప్పుడు వచ్చే కరకర శబ్దం ఒకటే వినపడుతోంది. పట్టుపురుగులు ఆకు తింటున్నట్టుగా ఉంది. ఒకాయన ఆపరేషన్ బల్ల చేస్తున్నాడు, ఒక పెద్దామె తన కోడలిని చేస్తోంది. చేయడం పూర్తయితే ఆ భయం మనిషిని వదిలిపోతుంది. బొమ్మ గాజు అల్మారాలోకి వెళుతుంది.

కస్తూరి కుందేలు చేద్దామనుకుంది. భయంతో సంబంధం లేని బొమ్మ చేస్తే భయం తన దగ్గరే ఉండిపోతుందని ఆమె ఎత్తు. మొదట గుండ్రంగా ఉండ చుట్టి, వీపు భాగం గట్టిపడేదాకా పొడిచింది. పిడికెడు ఉన్ని ఉసిరికాయంత అయింది. మళ్ళీ ఉన్ని కలిపింది, మళ్ళీ పొడిచింది. ఒకసారి సూది వేలిలో దిగి నెత్తురు చుక్క కనపడింది. అయినా చెయ్యి ఆగలేదు.

“ఏం చేస్తాండారు మేడమ్?” అని పక్క స్పాంజి అతను అడిగాడు. అతను కరెంటు లైన్‌మన్ మస్తాన్, దిగువపల్లె మనిషే.

“కుందేలు.”

మస్తాన్ మెడ వంచి చూశాడు. “వీపు చానా పొడుగొచ్చింది మేడమ్. గోడ మాదిరి ఉండాది.”

నిజమే. చెవులు పెట్టబోయిన చోట తూములు వచ్చాయి. తోక దగ్గర అలుగు వచ్చింది. ఉన్ని ఎవరి మాటా వినదు, తను ఏ భయానికి పుట్టిందో ఆ రూపానికే వెళుతుంది.

మస్తాన్ చేస్తున్నది నల్లటి ట్రాన్స్‌ఫార్మరు. “నాతో పాటు పనిచేసే పిల్లోడు లైను మీదే కాలిపోయినాడు మేడమ్. అప్పట్నించి అరికాళ్ళలో మొలవబట్టింది. స్తంభం ఎక్కుతాంటే ఉన్ని జారతాది. లైను ఆపినారా లేదా అని మూడు మాట్లు ఫోను చేస్తే గాని ఎక్కేటోన్ని కాదు. ఆఫీసోళ్ళు విసుక్కుని ఈడికి పంపినారు.” బొమ్మను అటూ ఇటూ తిప్పి చూసుకుని నవ్వాడు. “ఇప్పుడు బాగుంటాది. నిద్ర బాగ పడతాంది.”

కస్తూరికి కూడా బాగుంది. అందుకే ఆమెకు భయం వేసింది. సూది దిగినప్పుడల్లా ఊపిరి ఒక లయలో పడేది. భుజాలు వాటంతట అవే కిందికి జారేవి. క్లాసు అయి ఇంటికి వచ్చేటప్పుడు కట్ట వైపు చూడాలని గుర్తుండేది కాదు. ఒకరోజు క్వార్టర్ల గేటు దాటాక గుర్తొచ్చి, వెనక్కి పరుగెత్తి, కాలవ దగ్గరికి వెళ్ళి చూసింది. నీళ్ళు ఇంకా ముదురు రంగుకు తిరిగాయి. ఆమె వీపు నిమురుకుంది. నడుము దగ్గర ఉన్ని పోయి చర్మం తగిలింది.

ఆ ఆదివారం మధ్యాహ్నం అన్నాలయ్యాక ఆమె నాగన్న ఎదురుగా కూర్చుంది.

“నేను భయపడేది మానేస్తాండాను,” అంది. “ఇంగ కొంచమే మిగిలింది. అది కూడా పోతే నాకు పట్టదు. నా బదులు మీరు భయపడాల.”

నాగన్న కాదనలేదు. భార్య అడిగినదాన్ని అతను ఎప్పుడూ కాదనడు. కళ్ళు మూసుకుని కట్ట తెగినట్టు ఊహించుకున్నాడు. స్కూలు మునిగినట్టు, సింధు బల్ల ఎక్కి పిలుస్తున్నట్టు, ఆ బల్ల తేలిపోతున్నట్టు కస్తూరి పక్కన కూర్చుని చెబుతూ ఉంటే అన్నీ ఒకటొకటిగా ఊహించుకున్నాడు. అతను కళ్ళు తెరిచి ముంజేతులు చూసుకున్నాడు.

“రాలేదు కస్తూరీ,” అన్నాడు మెల్లగా. “అంతా కనపడింది. నీళ్ళు కూడా కనపడినాయి. కానీ నాకేం కాలేదు.”

అతని ముఖంలో బాధ ఉంది. ఆ బాధ కూడా కాసేపటికి సర్దుకుంది. లేచి వెళ్ళి పళ్ళేలు కడిగాడు.

మస్తాన్ తన బొమ్మను పూర్తిచేసి అల్మారాలో పెట్టించి, అందరికీ దండం పెట్టి వెళ్ళాడు. వారం తిరక్కుండానే పోయాడు. లైను ఆపించమని ఫోను చేయకుండానే స్తంభం ఎక్కాడు. గ్లౌజులు బండి డిక్కీలోనే ఉన్నాయి. కింద ఉన్నవాళ్ళు కేకలు వేస్తే అతను పైనుంచి చెయ్యి ఊపాడని, ఆ తర్వాత తీగ పట్టుకున్నాడని చెప్పుకున్నారు.

అతని భార్య హుస్సేనమ్మను నాలుగో రోజున గోడౌన్‌కు తీసుకొచ్చారు. నెత్తి నుంచి కాలివేళ్ళ దాకా ఉన్నితో ఉందామె. కళ్ళు, నోరు తప్ప ఏమీ కనపడలేదు. చూసినవాళ్ళకు అంటుకోకుండా అందరినీ గోడవైపు తిరగమన్నారు. కస్తూరి తిరగలేదు.

“ఆయన చివరిదాకా ప్రశాంతంగా ఉన్నారమ్మా,” అంది వకుళ. “కూర్చో. నీ ఉన్ని నేను కత్తిరిస్తా.”

“నేను కూర్చునేదానికి రాలేదు. మా ఆయన చేసిన బొమ్మ ఇయ్యండి.”

“బొమ్మలు ప్రభుత్వానివమ్మా. ఇవ్వడానికి లేదు.”

హుస్సేనమ్మ గాజు అల్మారా ముందు నిలబడింది. “నా మొగుడు భయపడే మనిషి,” అంది. “పొద్దున పోయినోడు సాయంత్రం ఇంటికొచ్చేది ఆ భయంతోనే. మీరు దాన్ని తీసి ఈ గాజు పెట్టెలో పెట్టుకున్యారు. ఒట్టి మనిషిని పంపినారు.”

సూదుల శబ్దం కాసేపు ఆగి మళ్ళీ మొదలైంది. హుస్సేనమ్మ తన ఉన్ని తాకబోయిన వకుళ చెయ్యి తోసేసి బయటికి నడిచింది. ఆమె సహకరించలేదని రాసుకున్నారు.

కస్తూరి అల్మారాలోని బొమ్మలను ఆరోజే సరిగ్గా చూసింది. పై అరలో పాములు, కుక్కలు, సూటుకేసులు, ఆపరేషన్ బల్లలు. నడిమి అరలో ట్రాన్స్‌ఫార్మరు పక్కన ఒక వరస ఉంది. దూరానికి రొట్టెముక్కల్లా కనపడ్డాయి. దగ్గరికి వెళితే అన్నీ కట్టలు. తూములు, అలుగు, పక్కన గుట్ట, అంతా ఊటమడుగే. ఒక్కొక్క దాని కింద చేసినవాళ్ళ పేరు ఉంది. అందరూ తనకంటే ముందు ఆ కుర్చీలో పనిచేసిన ఇంజనీర్లు. ప్రతి కట్ట అడుగునా ఒక గోధుమరంగు మచ్చ. మొదటిదానిలో అది ఆవగింజంత ఉంది, తర్వాతదానిలో కందిగింజంత, ఆపైదానిలో రేగుపండంత. ఆమె తన స్పాంజి మీది బొమ్మను తిప్పి చూసింది. అడుగున సగం భాగం గోధుమరంగులో ఉంది.

“తెల్ల ఉన్నిలో ఈ రంగు ఎట్ల వచ్చింది మేడమ్?” అని అడిగింది.

“అదే వస్తుంది,” అంది వకుళ. “నేనెవరికీ రంగు ఉన్ని ఇవ్వను. కట్ట చేసినవాళ్ళందరికీ ఆ మచ్చ వస్తుంది. చాలా సహజంగా ఉంటుంది. అందరిలోకీ మీదే బాగా కుదురుతోంది, ఏమీ అనుకోకపోతే.”

కస్తూరి సగం చేసిన బొమ్మను శాలువాలో దాచుకుని సుదర్శనం దగ్గరికి వెళ్ళి టేబులు మీద పెట్టింది. అల్మారాలో చూసింది చెప్పింది. ఆయన కళ్ళజోడు పెట్టుకుని బొమ్మను అన్నివైపులా చూశాడు.

“వరసలో మొట్టమొదటిది నాదేనమ్మా,” అన్నాడు. “పేరు చూసుండవు. ఆ రోజుల్లో నాకు తొడల దాకా వచ్చింది ఉన్ని. మా ఆవిడ దువ్వేది. ఏం చూసి అంత భయపడినానో ఎంత ఆలోచించినా గుర్తుకు రాదు. బొమ్మ మాత్రం బాగా వచ్చింది.”

ఆయన మొహమాటంగా అడిగాడు. “ఒక్కసారి తాకొచ్చా?”

ఆమె మెడ మీద శాలువా తొలగించింది. అక్కడ గుప్పెడు ఉన్ని మిగిలింది. ఆ పెద్దమనిషి రెండు వేళ్ళతో దాన్ని పట్టుకుని, “ఎంత వెచ్చగా ఉంది,” అన్నాడు. తర్వాత చెయ్యి తీసేసి, ఆమెను తిరిగి క్లాసుకు వెళ్ళమన్నాడు.

ఆమె క్లాసుకు వెళ్ళలేదు. బొమ్మను ఆయన టేబులు మీదే వదిలి దిగువపల్లెకు నడిచింది. దారి పొడుగునా మెడ మీది ఉన్నిని అరచేత్తో మూసిపెట్టుకుంది, గాలికి దీపం ఆరిపోకుండా పట్టుకున్నట్టు. మర్చిపోతానేమోనని మాటలు పైకి అనుకుంటూ నడిచింది. నీళ్ళు బురదగా ఉన్నాయి, కట్ట లోపల దారి పడింది, ఊరు ఖాళీ చేయాలి. మూడో మాట దగ్గర ఒకసారి తడబడింది. ఎందుకు ఖాళీ చేయాలో ఒక్క క్షణం తోచలేదు. ఆ మరపుకు ఆమె హడలిపోయింది. ఆ హడలుకు మెడ మీద ఉన్ని కొంచెం పొంగింది. అది తెలిసి ఆమెకు ధైర్యం వచ్చింది.

దిగువపల్లెలో రేషన్ షాపు దగ్గర జనం ఉన్నారు. కస్తూరి షాపు అరుగెక్కి శాలువా తీసి కింద పడేసింది. జడ ముందుకు వేసుకుని అందరికీ మెడ చూపించింది.

“మీకోసం మొలిచిందిది,” అంది. “కట్ట తెగబోతాంది. నేను ఇంజనీరును. ఇంగ కొద్దిసేపుంటే నాకే నమ్మకం ఉండదు. నేను నమ్మేటప్పుడే వినండి. గుట్ట మీదికన్నా, పక్కూర్లకన్నా పోండి.”

మొదట ఒక బాలింత చెయ్యి గోక్కుంది. మోచేతి మీద తెల్లటి పోగులు. పక్కామె అవి చూసింది, ఆమె మెడ మీద మొదలైంది. సంచులు పట్టుకున్న చేతులు, బీడీ కాలుస్తున్న చేతులు, అన్నీ తెల్లబడ్డాయి. వీధి వెంట ఇంటింటికీ పాకింది. పసిపిల్లలు మెత్తటి ఉండల్లా తయారయ్యారు. ఏనాడూ ఒక మాట మీద నిలబడని ఊరు ఒక్కసారిగా మూటలు కట్టింది. ట్రాక్టర్లు స్టార్టయ్యాయి. కస్తూరి ఏడుస్తూ ఒక్కొక్కరినీ బండ్లెక్కించింది. ఉద్యోగంలో చేరినప్పటినుంచి ఆమె చేసిన పని అదొక్కటే అనిపించింది.

ఉపశమన విభాగం వ్యాన్లు ట్రాక్టర్లకు ఎదురొచ్చాయి. ఆ ఊరికి రోడ్డు రావడానికి, నీళ్ళ కుళాయి రావడానికి పట్టినంత కాలం ఏమీ పట్టలేదు. ఇంత ఉన్నితో జనం పక్క ఊళ్ళకు వెళితే జిల్లా అంతా అంటుకుంటుందని అధికారులు వివరించారు. వాళ్ళ మాటలో న్యాయం ఉంది. పోలీసులు ఎవరినీ కొట్టలేదు, తిట్టలేదు. ట్రాక్టర్లను హైస్కూలు గ్రౌండులోకి మళ్ళించారు. అక్కడ షామియానాలు లేచాయి. మజ్జిగ ప్యాకెట్లు పంచారు. మనిషికొక స్పాంజి, ఒక సూది ఇచ్చారు. వకుళ మైకు పట్టుకుని నిటారుగా దించండి, నిటారుగా తీయండి అని చెబుతూ ఉంది.

కస్తూరి వరసల మధ్య తిరుగుతూ లేవండని అరిచింది. భుజాలు పట్టి లాగింది. కొందరు లేచి నిలబడ్డారు కూడా. అయితే ఆమె చేతులు విపరీతంగా వణుకుతున్నాయి, మాట ముక్కలు ముక్కలుగా వస్తోంది, జనం ఒకరి ముఖం ఒకరు చూసుకుంటున్నారు. నాగన్న సింధును వెంటబెట్టుకుని వచ్చి ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

“కూర్చో,” అన్నాడు. “నీళ్ళు తాగు. ఇట్ల వణుకుతా చెప్తే ఎవురింటారు?”

అందులో నిజం ఉందని ఆమెకు తోచింది. వకుళ ఆమె బొమ్మను వ్యాన్లో తెచ్చింది, సుదర్శనమే పంపించాడట. దాన్ని స్పాంజి మీద పెట్టి, కస్తూరి మెడ మీది గుప్పెడు ఉన్నిని కత్తిరించి పక్కన ఉంచింది. కస్తూరి నాలుగు పోట్లు పొడిచి, చేతులు కుదుటపడ్డాక లేచి, అందరికీ అర్థమయ్యేలా నింపాదిగా చెబుదామనుకుంది.

నాలుగు పొడిచింది. చేతులు కుదుటపడ్డాయి. అలుగు కొస కొంచెం వదులుగా ఉంటే అది కూడా సరిచేసింది. కట్ట అడుగున గోధుమరంగు భాగం ఇప్పుడు చక్కగా గట్టిపడింది. గ్రౌండు నిండా ఒకే కరకర శబ్దం, ఊరంతా ఒకే ఊపిరి పీలుస్తున్నట్టుగా ఉంది. ఎవరి చేతిలో చూసినా కట్టే. ఆమె తల వంచుకుని మిగిలిన ఉన్ని అంతా లోపలికి దించేసింది.

మధ్యాహ్నం దాటాక కట్ట వైపు నుంచి పెద్ద శబ్దం వచ్చింది. కొందరు తలలెత్తి చూసి మళ్ళీ దించుకున్నారు. కాసేపటికి స్కూలు గేటు కిందుగా నీళ్ళు లోపలికి వచ్చాయి. టీ రంగు నీళ్ళు, అంచున గడ్డి పరకలు. చెప్పులు తేలిపోతుంటే ఎవరివి వాళ్ళు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

“లేవనవసరం లేదు,” అంది వకుళ మైకులో. “ఉన్ని తడిస్తే ఇంకా బాగా బిగుస్తుంది.”

కస్తూరి నీళ్ళ వంక చూసి, అవి బురదగా ఉన్నాయని గమనించింది. ఉన్ని లేదు కాబట్టి ఇప్పుడు రిపోర్టు రాయొచ్చు. రేపు ఆఫీసు తెరిచాక చూడొచ్చులే అనుకుంది. స్పాంజిని ఒళ్ళోకి తీసుకుంది.

స్కూలు వెనక గుట్ట మీద ఒకే ఒక మనిషి కనపడింది. నెత్తి నుంచి కాళ్ళ దాకా ఉన్ని, చంకలో బిడ్డ. గుట్ట రోడ్డు కాదు కాబట్టి అక్కడ పోలీసులు లేరు. ఆమె రాళ్ళు పట్టుకుని ఎక్కుతోంది, జారుతోంది, మళ్ళీ లేస్తోంది, వెనక్కి తిరిగి కిందికి ఏదో అరుస్తోంది.

“ఎవురది?” అంది కస్తూరి.

“హుస్సేనమ్మ,” అన్నాడు నాగన్న. “సూది పట్టుకోలేదంట. ఇంకా భయపడతానే ఉండాది.”

కస్తూరికి ఆమెను చూస్తే జాలేసింది. ఒంటరి ఆడది, అంత భయం మోసుకుంటూ ఎట్లా బతుకుతుందో అనుకుంది. నీళ్ళు మోకాళ్ళకు తగిలాయి. సింధు ఆమె కొంగు పట్టుకుని లాగింది.

“అమ్మా, మనమూ గుట్టెక్కుదామా?”

పిల్ల చెవుల మీద, మెడ మీద, చెంపల మీద తెల్లటి నూగు చూస్తుండగానే పెరుగుతోంది. కస్తూరి కూతురి తల ప్రేమగా నిమిరి, తన వైపు తిప్పుకుని, వకుళను కత్తెర ఇవ్వమని అడిగింది.